‘మాకు’ అంటే లేదని: కువైట్ అంగళ్లలో నా అనుభవం

పోయిన నెలలో మా వీధి చివరి ఇంటి కోడలు వీసా కాగితం చేతిలో పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి. తిరుపతికి, చెన్నైకి తప్ప కడప దాటి ఎక్కడికీ పోయింది లేదు. "అక్కా, వంట చేస్తా, ఇల్లు తుడుస్తా, పిల్లోళ్లను చూసుకుంటా, దానికేం భయం లేదు. అంగడికి పొమ్మంటే ఎట్ల? ఆడ ఏమని అడగాల?" అంది. ఏజెంటు ఆమెకు మెడికల్ గురించి చెప్పాడు, టికెట్ గురించి చెప్పాడు, జీతం గురించి చెప్పాడు. ఇది మాత్రం చెప్పలేదు. నేను పోయేటప్పుడు నాకూ ఎవరూ చెప్పలేదు. మన కడప జిల్లాలో కువైట్‌కు మనిషి పోని ఊరు వెతికినా కష్టంగా దొరుకుతుంది, అయినా అక్కడి అంగట్లో నిలబడి ఒక పాల డబ్బా ఎట్లా కొనాలో చెప్పి పంపేవాళ్లు లేరు. ఆ పాపను నాలుగు సాయంత్రాలు కూర్చోబెట్టుకుని చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను, పోయేవాళ్లకు ఎవరికైనా పనికొస్తుందని.

నేను పోయింది 2014 జూన్‌లో. మాది సిద్ధవటం మండలంలో పెన్న పక్క పల్లె. వరసగా మూడు బోర్లు వేయించాం, మూడూ ఎండిపోయాయి, అప్పు మాత్రం మిగిలింది. ఆ కథ మన పక్క అందరికీ తెలిసిందే కాబట్టి పెంచను. పదో తరగతి వరకు చదివాను, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను, కడప టౌన్‌లో అద్దెకున్న మూడేళ్లలో పక్కింటి వాళ్ల ఉర్దూ విని నాలుగు ముక్కలు పట్టుకున్నాను. అరబ్బీ ఒక్క మాట రాదు. చెన్నైలో విమానం ఎక్కి దిగాను, హవల్లీ పక్కన ఒక ఇంట్లో చేరాను. అక్కడ ఇంటి యజమానిని బాబా అంటారు, ఇంటావిడను మామా అంటారు.

మూడో రోజు పొద్దున మామా నా చేతిలో ఒక నోటు పెట్టి "రూహ్ బకాలా, జీబ్ హలీబ్" అంది. బకాలా అంటే వీధి మూలన ఉండే చిన్న అంగడి. అది ముందు రోజు పనిమనిషి ఒకామె చూపించింది కాబట్టి తెలుసు. హలీబ్ ఏమిటో తెలియదు. ఆమె టీ గ్లాసు ఎత్తి చూపింది, సరే పాలు అనుకున్నాను. తల ఊపాను. అంగట్లోకి పోతే చల్లపెట్టెలో తెల్ల డబ్బాలు వరసగా ఉన్నాయి, అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి, మీద ఆవు బొమ్మ. ఒకటి తీసుకుని డబ్బు ఇచ్చి వచ్చేశాను, ఎవరితో మాట్లాడాల్సిన పని పడలేదని సంతోషపడ్డాను కూడా. టీలో పోయగానే విరిగిపోయింది. నేను తెచ్చింది లబన్, అంటే మజ్జిగ. హలీబ్ అంటే పాలు, లబన్ అంటే మజ్జిగ, రోబ్ అంటే పెరుగు. ఈ మూడు మాటలు మన ఆడవాళ్లు విమానం ఎక్కకముందే నేర్చుకోవాలి. ఆ పొద్దు బాబా టీ తాగకుండానే పనికి పోయాడు, మామా గట్టిగా అరిచింది, నాకు ఏమంటున్నదో అర్థం కాలేదు, అరుపు ఒక్కటే అర్థమైంది. రాత్రి పడుకుని ఏడ్చాను. మజ్జిగ డబ్బాకు కాదు. పాలు ఏదో మజ్జిగ ఏదో తెలియని స్థితికి వచ్చానే అని.

తప్పు అరబ్బీ రాకపోవడంలో లేదు, తల ఊపడంలో ఉంది. ఇది అప్పుడు తెలియలేదు, ఆరు నెలలకు తెలిసింది. అర్థం కాకపోయినా సరే అని తల ఊపితే ఆ క్షణానికి గండం గడుస్తుంది, పావుగంటకు పెద్దది అవుతుంది. ఆ ఇంటికి నెల ముందు వచ్చిన శ్రీలంక ఆమె అట్లా ఊపేది కాదు. ఖాళీ డబ్బా కడిగి దాచుకునేది, అంగడికి పోయేటప్పుడు దాన్నే సంచిలో వేసుకుని పోయేది, తీసి చూపించేది. అంతే. ఆమె దగ్గర చూసి నేను కూడా మొదలుపెట్టాను. పాల డబ్బా మూత ముక్క, సబ్బు పౌడర్ అట్ట, టీ ప్యాకెట్ చింపిన ముక్క, అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో. మామా ఏదైనా తెమ్మంటే ఆ కవరు ఆమె ముందు పరిచేదాన్ని, ఆమె వేలు పెట్టి చూపించేది. ఇప్పుడైతే ఫోన్‌లో ఫొటో తీసుకుంటే సరిపోతుంది, అప్పుడు నా దగ్గర ఉన్నది బటన్ల ఫోన్.

మాటల కన్నా ముందు అంకెలు నేర్చుకోవాలి. ఇది ఆ పాపకు మొదటి సాయంత్రమే చెప్పాను. కువైట్‌లో చిన్న అంగళ్లలో ధర చాలాచోట్ల అరబ్బీ అంకెల్లోనే రాసి ఉంటుంది. అవి మనకు తెలిసిన అంకెల్లాగే కనిపించి మోసం చేస్తాయి. ఒకటి నిలువు గీత, అది సులభం. తొమ్మిది మన తొమ్మిదే. కానీ ఐదు అచ్చం మన సున్నాలాగా గుండ్రంగా ఉంటుంది, సున్నా ఏమో ఒక చుక్క. ఆరు చూస్తే ఇంగ్లీషు ఏడులాగా ఉంటుంది. ఏడు ఇంగ్లీషు ‘వి’ అక్షరం, ఎనిమిది ఆ ‘వి’ని బోర్లా పెట్టినట్టు. నాలుగు, ఇంగ్లీషు మూడును అద్దంలో చూసినట్టు ఉంటుంది. రెండుకు గీత మీద ఒక కొక్కెం, మూడుకు రెండు కొక్కేలు. 650 అని రాసి ఉంటే నాకు 70 పక్కన చుక్క కనిపించేది, 500 ఉంటే సున్నా రెండు చుక్కలు. ఇంకోటి, అరబ్బీ రాత కుడి నుంచి ఎడమకు పోతుంది కానీ అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికే చదవాలి. నేను కొన్నాళ్లు అంకెలు కూడా తిరగేసి చదివి లెక్క తప్పాను.

వాటిని ఎట్లా నేర్చుకున్నానంటే, వాళ్ల నోటు ఒక పక్క అరబ్బీలో ఉంటుంది, ఇంకో పక్క ఇంగ్లీషులో ఉంటుంది. అటూ ఇటూ తిప్పి చూస్తే 1, 5, 10, 20 వచ్చేశాయి. పావు దినారు, అర దినారు నోట్లు కూడా ఉంటాయి, వాటితో 2, 4 పట్టుకున్నాను. మిగిలినవి వంటింట్లో వేలాడే క్యాలెండర్ నుంచి, అందులో రెండు రకాల అంకెలూ ఉండేవి. గిన్నెలు తోమేటప్పుడు ఎదురుగా అదే కనిపించేది, వారంలో అన్నీ వచ్చేశాయి. నాణేలతోనే కష్టం, వాటి మీద ఇంగ్లీషు అంకె ఉండదు. ఒక పక్క పడవ బొమ్మ, ఇంకో పక్క అరబ్బీ అంకె. పసుపు రంగువి 5, 10 ఫిల్సులు, తెల్లవి 20, 50, 100. దినారుకు 1000 ఫిల్సులు, మన రూపాయికి 100 పైసల్లాగా కాదు. అందుకే బిల్లు మీద చుక్క తర్వాత మూడంకెలు ఉంటాయి. 1.750 అంటే ఒకటీ ముప్పావు దినారు. మొదట్లో నేను 750ని చూసి బెదిరిపోయేదాన్ని.

డబ్బు విషయంలో ఒక దెబ్బ తిన్నాను, అది చెప్పాలి. అప్పుడు దినారు మన డబ్బులో 210, 220 రూపాయల మధ్య ఉండేది. నా జీతం 70 దినార్లు. ఒక రోజు నా సొంతానికి తలనూనె, సబ్బు కొనుక్కోవడానికి ఒక చిన్న అంగడికి పోయి 5 దినార్ల నోటు ఇచ్చాను. అతను ఒక్క దినారుకు లెక్క కట్టి చిల్లర ఇచ్చాడు. నేను బయటికి వచ్చి లెక్క పెట్టుకునేసరికి నాలుగు దినార్లు పోయాయి. తిరిగి పోయి చేతితో ఐదు వేళ్లు చూపించాను, అతను ఒక వేలు చూపించాడు, వెనక ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు, నాకు వాదించడానికి మాట లేదు. ఎనిమిది వందల రూపాయల పైన. మా ఆయన ఊర్లో కూలికి పోతే ఎన్ని రోజులకు వచ్చే డబ్బో లెక్క వేసుకుంటూ నడిచి వచ్చాను. ఆ తర్వాత ఐదున్నరేళ్లలో ఇంకెప్పుడూ అట్లా జరగనివ్వలేదు. నోటు ఎప్పుడూ ఇంగ్లీషు పక్క పైకి పెట్టి బల్ల మీద ఉంచేదాన్ని, చేతికి ఇచ్చేదాన్ని కాదు, వేలు దాని మీద పెట్టి "ఖమ్సా" అని గట్టిగా చెప్పేదాన్ని. ఖమ్సా అంటే ఐదు. అతను కూడా తిరిగి ఖమ్సా అన్నాక వేలు తీసేదాన్ని. వాహిద్, ఇత్నేన్, తలాతా, అర్బా, ఖమ్సా, కనీసం ఈ ఐదూ నోటికి రావాలి. నుస్ అంటే సగం, రుబా అంటే పావు. కిలో అక్కడ కూడా కిలోనే.

ఆ చిల్లర దగ్గరే ఇంకో సంగతి. పెద్ద అంగట్లో బిల్లు కట్టే అమ్మాయి చిల్లర ఇస్తూ "బాకీ" అనేది. నేను మొదటిసారి విన్నప్పుడు గుండె ఝల్లుమంది, ఇంకా ఏదో ఇవ్వాలి కాబోలు అనుకుని సంచి అక్కడే వదిలేసి నిలబడ్డాను. అరబ్బీలో బాకీ అంటే మిగిలింది, అంటే మనకు తిరిగి రావాల్సిన చిల్లర. మనం అప్పుకు అంటాం, వాళ్లు చిల్లరకు అంటారు. ఈ మాట తెలిసిన రోజు నాకు ఒక ధైర్యం వచ్చింది. మన తెలుగులో వాడుకునే మాటలు అక్కడ ఎన్ని ఉన్నాయో వెతకడం మొదలుపెట్టాను. కుర్చీని కుర్సీ అంటారు, దుకాణాన్ని దుక్కాన్ అంటారు, చక్కెరను షకర్ అంటారు, ఖాళీ అంటే ఖాలీ, తారీఖు తారీఖే. బేరం చేసేటప్పుడు "ఆఖిర్" అంటే చాలు, ఆఖరు ధర చెప్పమని. మా జేజి పల్లెలో వాడిన మాటలే ఇవి, ఎడారి దేశంలో అంగడివాడి నోట విన్నాను.

ఆ మాటల్లోనే సందూక్ ఒకటి. కువైట్‌లో ప్రతి పేటకూ ఒక సహకార సంఘం అంగడి ఉంటుంది, దాన్ని జమియా అంటారు. చాలా పెద్దది, బియ్యం నుంచి బట్టల సబ్బు వరకు అన్నీ దొరుకుతాయి. ఆ పేటలో ఉండే కువైటీలు అందులో వాటాదారులు. బిల్లు కట్టేటప్పుడు వాళ్ల వాటా నంబరు చెబితే ఏడాది చివర కొన్నదాని మీద లాభం వస్తుంది. ఆ నంబరునే సందూక్ నంబరు అంటారు. బిల్లు దగ్గర ఆ అమ్మాయి "సందూక్?" అని అడిగితే నేను సామాన్లకు పెట్టె కావాలా అని అడుగుతున్నదనుకుని వద్దని చెయ్యి ఊపాను, మా ఇంట్లో సందూక అంటే పెట్టె కదా. రెండు నెలలు అట్లా వద్దు వద్దని చెప్పి వచ్చాను. బిల్లు చూసి మామాకు కోపం వచ్చింది, కానీ ఈసారి అరవకుండా ఒక అట్ట ముక్క మీద నంబరు రాసి నా పర్సులో పెట్టింది. అక్కడ ఇంకో పద్ధతి ఉంది. కూరగాయలు సంచిలో వేసుకుని నేరుగా బిల్లు దగ్గరికి పోకూడదు, కూరగాయల దగ్గరే ఒకతను తూకం వేసి ధర చీటీ అంటిస్తాడు. చీటీ లేకుండా పోతే వెనక్కి పంపిస్తారు, వెనక వరసలో ఉన్నవాళ్లు చిరాకు పడతారు. ఎర్రగడ్డలు బసల్, ఉర్లగడ్డలు బతాతా, తెల్లగడ్డ థూమ్, గుడ్లు బేద్.

కొత్తిమీర అనుకుని పార్స్‌లీ తేవడం ప్రతి ఒక్కరికీ జరుగుతుంది. దాన్ని అక్కడ బగ్దూనిస్ అంటారు. రెండూ ఒకే తీరుగా కట్టలు కట్టి పక్కపక్కనే పెడతారు. కొత్తిమీరను కుజ్బరా అంటారు. పేర్లు గుర్తు లేకపోతే ఆకు నలిపి వాసన చూడటమే మార్గం. చింతపండు పేరు మాత్రం వింటే మరిచిపోరు, తమర్ హింది. హిందూ దేశపు ఖర్జూరం అని. నాకు ఆ పేరు చాలా నచ్చింది.

మాట తెలిసినా అన్నిసార్లూ పని జరగదు, ఇది బియ్యం దగ్గర తెలిసింది. మామా బియ్యాన్ని ఐష్ అంటుంది, కువైట్ వాళ్లందరూ అంతే. నేను ఐష్ అనే మాట బాగా నేర్చుకుని, ఒక సాయంత్రం పరుగున పోయి అంగట్లో చాలా ధైర్యంగా "ఐష్" అని అడిగాను. అతను రొట్టెల ప్యాకెట్ తీసి ఇచ్చాడు. నాకు అది కాదని తెలుసు, కానీ అడిగింది ఇస్తున్నాడు కదా, నేనే తప్పు నేర్చుకున్నానేమో అనే అనుమానంతో తీసుకుని వచ్చేశాను. ఇంట్లో చుట్టాలు కూర్చుని ఉన్నారు. ఆ అంగడాయన ఈజిప్టు మనిషి. వాళ్ల దేశంలో ఐష్ అంటే రొట్టె. కోడి కూడా అంతే, కువైట్ వాళ్లు దియాయ్ అంటారు, ఈజిప్టు వాళ్లు ఫిరాఖ్ అంటారు. మన దగ్గర ఉర్లగడ్డ, బంగాళాదుంప, ఆలుగడ్డ అన్నట్టే, అరబ్బీ ఒక్కటే అయినా దేశానికో మాట. అంగట్లో నిలబడినతను ఏ దేశం వాడో కూడా చూసుకోవాలి. ఆ రోజు నుంచి నేను రెండు మాటలు పట్టుకున్నాను: "మూ హాదా". ఇది కాదు అని. ఈ రెండు మాటలు నాకు వందసార్లు పనికొచ్చాయి. కావాల్సిందాని పేరు తెలియకపోయినా ఫరవాలేదు, ఇది కాదు అని చెప్పడం తెలిస్తే అతను ఇంకోటి చూపిస్తాడు, అదీ కాదంటే ఇంకోటి. ఎవరూ కొట్టరు. మొదట్లో నాకు అట్లా చెప్పడానికి నోరు వచ్చేది కాదు, మనం పని చేయడానికి వచ్చినవాళ్లం, వద్దనడానికి మనమెవరం అనే భయం లోపల ఉండేది. అంగడివాడి ముందు ఆ భయం అక్కర్లేదు, మన చేతిలో డబ్బు ఉంది, అతని దగ్గర సరుకు ఉంది, అంతే లెక్క.

ఇక ‘మాకు’. ఏది అడిగినా కొన్నిసార్లు "మాకు" అనేవాళ్లు. తెలుగు మనిషెవరైనా ఉన్నారేమో అని చుట్టూ చూశాను నిజంగానే. మాకు ఏమిటి, ఎవరికి? అంగడివాడు చెయ్యి ఊపి మళ్లీ మాకు మాకు అన్నాడు. కువైట్ యాసలో మాకు అంటే లేదు. అకు అంటే ఉంది. ఇది తెలియక ఒక పాప, మా పక్క వీధిలో పనిచేసేది, రాయచోటి పక్క పిల్ల, అడిగిన వస్తువు తమకోసం దాచుకున్నాం అంటున్నారనుకుని ఊరికే తిరిగొచ్చేది. నేను చెప్పాక ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. ధర అడగడానికి "బికమ్" అన్నా అర్థమవుతుంది, కువైట్ వాళ్ల యాసలో అది "బిచమ్".

మందుల అంగడి సంగతి ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా రాస్తున్నాను. దాన్ని సైదలియా అంటారు. రెండో నెలలో నాకు ప్యాడ్లు అవసరమయ్యాయి, ఊరి నుంచి తెచ్చుకున్నవి అయిపోయాయి. డ్రైవర్‌కు చెప్పలేను, మామాకు ఎట్లా చెప్పాలో తెలియదు, రెండు రోజులు పాత గుడ్డలు వాడాను. తర్వాత ధైర్యం చేసి మామా దగ్గరికి పోయి ఖాళీ ప్యాకెట్ చూపించాను, నేను దాచుకున్న అట్ట ముక్కల్లో అదీ ఉంది. ఆమె వెంటనే లోపలికి పోయి నాలుగు ప్యాకెట్లు తెచ్చి ఇచ్చింది, చేతిలో ఒక దినారు కూడా పెట్టింది. ఆమె మీద అంతకుముందు ఉన్న బెదురు ఆ రోజు కొంచెం తగ్గింది. ప్రతి పెద్ద అంగట్లోనూ ఆ అరలు వేరుగా ఉంటాయి, మనమే తీసుకుని బిల్లు దగ్గర పెట్టవచ్చు, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. సిగ్గుపడి ఒంటికి తెచ్చుకోవద్దు. తలనొప్పికి, జ్వరానికి "పనడాల్" అంటే చాలు, అందరికీ తెలుసు. పంటి నొప్పికి మాత్రం దవడ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. అక్కడున్న ఆమె నోరు తెరవమని సైగ చేసి చూసి, మందు ఇచ్చి, డబ్బా మీద పెన్నుతో మూడు బొమ్మలు వేసింది. సగం సూర్యుడు, నిండు సూర్యుడు, చంద్రుడు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. సూర్యుడి పక్కన ఒక పళ్లెం బొమ్మ, అన్నం తిన్నాక అని. ఆ డబ్బా చాలా రోజులు దాచుకున్నాను. ఒక్క మాట లేకుండా అంత శ్రద్ధగా చెప్పిన మనిషి.

ఆరు నెలల తర్వాత నెలకు రెండు శుక్రవారాలు సెలవు ఇచ్చారు. మాలియాలో బస్సు మారి జలీబ్‌కు పోయేదాన్ని. అక్కడ మనవాళ్లు ఎక్కువ, మలయాళం వాళ్లు ఇంకా ఎక్కువ. మొదటిసారి ఒక అంగట్లోకి పోగానే వెనక నుంచి ఎవరో ఒకాయన "ఏమ్మా, రాగిపిండి కావాల్నా, మంచిది వచ్చినాది" అన్నాడు. కాసేపు నాకు జవాబు రాలేదు. రాగిపిండి, చింతపండు, చెనక్కాయలు, కందిబ్యాళ్లు అన్నీ కొనుక్కున్నాను. అవసరానికి మించి కొన్నాను, అడిగితే అర్థమయ్యే మనిషి ఎదురుగా ఉన్నాడని ఇంకా ఇంకా అడిగాను. ఆ రాత్రి వంటింట్లో సంగటి కెలుక్కుని ఊరుబిండి నూరుకుని తిన్నాను. శ్రీలంక ఆమెకు కూడా ఒక ముద్ద పెట్టాను.

దుప్పట్లు, అత్తరు, పిల్లల బట్టలు లాంటివి శుక్రవారం సంతలో చవక, సూక్ అల్ జుమా అంటారు దాన్ని. అక్కడ బేరానికి భాష అక్కర్లేదు, క్యాలిక్యులేటర్ చాలు. అతను నొక్కి చూపిస్తాడు, మనం చెరిపి మన అంకె నొక్కుతాం, ఇద్దరమూ రెండు మూడుసార్లు నొక్కుకున్నాక "ఆఖిర్" అంటాం. కాదంటే నడిచి పోవాలి. కడప వైవీ స్ట్రీట్‌లో చేసే పనే అది.

బంగారం దగ్గర జాగ్రత్త, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. 2018లో రెండు తులాల గొలుసు కోసం ముబారకియా సూక్ దగ్గరి బంగారు అంగళ్లకు పోయాను. నాతో వచ్చిన ప్రొద్దుటూరు ఆమె ముందే చెప్పింది, కొక్కెం దగ్గర ముద్ర చూడు అని. నేను ఎంచుకున్న గొలుసు మీద 875 అని ఉంది. అంటే 21 క్యారెట్. మనకు కావాల్సిన 22 క్యారెట్‌కు 916 ఉండాలి. 21 క్యారెట్ చెడ్డది కాదు, అక్కడివాళ్లు ఎక్కువగా అదే వేసుకుంటారు, ధర కూడా దానికి తగ్గట్టే చెప్పాడు. కానీ నేను అడగకపోతే దాన్నే 22 అనుకుని తెచ్చి ఊర్లో అందరికీ అట్లాగే చెప్పేదాన్ని, తర్వాత కరిగించేటప్పుడు తేడా బయటపడేది. 20 గ్రాములకు దాదాపు 0.8 గ్రాము పసిడి తేడా. కాగితం మీద 22 అని రాసి చూపించాను, వేరే పళ్లెం తీశాడు. ఏ సొమ్ము కొన్నా "ఫాతూరా" అడిగి తీసుకోవాలి, అంటే బిల్లు. గ్రాముల బరువు, గ్రాము ధర, మజూరి వేరువేరుగా రాయించుకోవాలి. ఆ బిల్లు ఇప్పటికీ మా బీరువాలో ఉంది, గొలుసు మా పాప పెళ్లికి దాచాను.

2019 డిసెంబరులో వచ్చేశాను. వచ్చేటప్పటికి నాకు అరబ్బీ బాగా వచ్చని మామా చుట్టాలకు చెప్పేది. చదవడం రాదు, రాయడం రాదు, అంగడి అరబ్బీ ఒక్కటే వచ్చు, అయినా మామా తన పెద్దకూతురి ఇంటికి సామాన్లు కొనడానికి కూడా నన్నే పంపేది, చేతిలో 20 దినార్ల నోటు పెట్టి, లెక్క అడగకుండా.

మా వీధి పాపకు నాలుగో సాయంత్రం ఒక కాగితం రాసి ఇచ్చాను. పైన పది అంకెలు, కింద పాలు, మజ్జిగ, పెరుగు, బియ్యం, రొట్టె, ఉప్పు, చక్కెర, కొత్తిమీర, ఆ కింద పెద్ద అక్షరాలతో "మూ హాదా". నా దగ్గర మిగిలిన నాణేలు కూడా ఇచ్చాను, ఐదు రకాలూ ఉన్నాయి. బస్సు ఎక్కే ముందు రోజు వరకు వాటిని గడప మీద పరిచి, తన చిన్న కొడుకును అంగడివాడుగా కూర్చోబెట్టి లెక్క నేర్చుకుంది.

పోయి పన్నెండు రోజులైంది. నిన్న రాత్రి ఫోన్‌లో మాట పెట్టింది. "అక్కా, కొత్తిమీర అడిగితే మాకు అన్న్యాడు. సరేలే అని పక్క అంగడికి పోయినా. ఆడ అకు. నలిపి చూసి తెచ్చినా, కొత్తిమీరే."